పుట్టికి గుడ్డ తొడుగు: నది నడుమ విడిపోయిన నా కుట్టు

కోసిగి నుంచి మాట్లాడుతున్నా. మధ్యలో రైలు కూత వినిపిస్తే ఏమీ అనుకోవద్దు. మా ఇల్లు స్టేషన్‌కి దగ్గర. గుంతకల్లు, రాయచూరు మధ్య తిరిగే బండ్లన్నీ మా వీధి పక్క నుంచే పోతాయి.

ఈరోజు మిషన్ మీద కుట్టేది జాకెట్టు కాదు, సంచి కాదు. పడవకి గుడ్డ. అవును, పడవకే. మా మామ పుట్టికి నేను రెండుసార్లు గుడ్డ కుట్టా. మొదటిసారి కుట్టింది నది మధ్యలో విడిపోయింది. అప్పుడు అందులో ఐదు మంది ఉన్నాం. రెండోసారి కుట్టింది ఇప్పటికీ నడుస్తాంది. ఆ రెండింటికీ తేడా ఎక్కడుందో చెప్పాలనే ఈ ఎపిసోడ్.

ముందు పుట్టి అంటే తెలియని వాళ్ల కోసం. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట అనుకోండి. ఆ బుట్టకి బయటి నుంచి నీళ్లు దూరని తొడుగు ఒకటి వేస్తే అది పడవ. ముందు వెనక అని ఏమీ ఉండదు. ఒక తెడ్డు ఉంటే చాలు. మా పక్క కన్నడం కలిసిన ఊళ్లలో అరిగోలు అని కూడా అంటారు. కోసిగి ఊరు నది ఒడ్డున లేదు గానీ, ఉత్తరానికి పోతే తుంగభద్ర వస్తుంది. నది దాటితే కర్ణాటక, రాయచూరు జిల్లా. బండి మీద పోవాలంటే మంత్రాలయం మీదుగా మాధవరం బ్రిడ్జి దాకా చుట్టు తిరగాల. పుట్టిలో అయితే ఎదురుగా కనపడే ఒడ్డే. అందుకే చేపల వాళ్లకే కాదు, కూలికి పోయే వాళ్లకీ, అవతల చుట్టాలున్న వాళ్లకీ పుట్టి కావాల.

ఇది నిన్న మొన్నటి వస్తువు కాదు. డొమింగో పాయెస్ అని పోర్చుగీసు మనిషి 1520 ప్రాంతంలో విజయనగరం చూసి రాసుకున్న దాంట్లో ఈ పడవలున్నాయి. బుట్టల్లాగా గుండ్రంగా ఉంటాయని, లోపల బెత్తం, బయట తోలు అని, పదిహేను ఇరవై మంది పడతారని, తిన్నగా పోలేక తిరుగుతూనే పోతాయని రాసినాడు. ఇదే తుంగభద్ర మీద. ఐదు వందల ఏండ్లయినా బుట్ట మారలేదు. మారింది తొడుగు ఒక్కటే. అప్పుడు తోలు. తోలు ఖరీదైంది. తర్వాత గుడ్డ, తారు. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ పట్ట, లేదంటే యూరియా సంచులు విప్పి కుట్టి తారు పూయడం. ఫైబర్ పుట్టీలు కూడా వచ్చినాయి. వాటికి కుట్టే పనే లేదు, కాకపోతే డబ్బు కావాల.

మా మామది వెదురు పుట్టి. అడ్డం రెండు మీటర్లు, లోతు అడుగున్నర. ఏటా ప్లాస్టిక్ పట్ట వేసేవాడు. ప్లాస్టిక్‌తో తంటా ఏందంటే, రాయి తగిలి చిన్న చిల్లు పడితే అది అక్కడే ఆగదు, చీలుకుంటూ పోతుంది. ఎండకి పెళుసవుతుంది. నేతగుడ్డ అట్ల కాదు. నిలువు పోగు, అడ్డం పోగు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి చిల్లు చిల్లుగానే ఉంటుంది. అందుకే ఆ ఏడు మామ నాతో, 'ఏమి అల్లుడా, మీ అమ్మ మిషన్ ఉంది కదా. గుడ్డ తొడుగు కుట్టిస్తావా?' అన్నాడు.

నేను అప్పటికి అమ్మ దగ్గర కూర్చుని లంగాలు, దిండు గలేబులు కుడతాన్నా. ఇదేం పెద్ద పని అనుకున్నా. పాత లారీ టార్పాలిన్, అంటే మందం క్యాన్వాసు గుడ్డ, రెండు ముక్కలు దొరికినాయి. ఒక్కొక్కటి మీటరున్నర వెడల్పు. రెండూ పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక కుట్టు వేస్తే మూడు మీటర్ల చదరం. సరిగ్గా సరిపోయింది. మిషన్‌లో జాకెట్లకి వాడే నూలు దారమే ఉంది. దాంతోనే సన్నగా, దగ్గర దగ్గరగా, చూడ్డానికి అందంగా ఒకే వరస కుట్టేసినా. అమ్మ చూసి 'దారం సన్నంగా లేదా?' అంది. 'తారు పూస్తారు లేమ్మా' అన్నా. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

తారు పూసినాం, ఆరింది, నీళ్లలో వేసినాం. చుక్క నీరు రాలేదు. ఫోటోలు తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా. మూడు నెలలు బాగా నడిచింది.

కార్తీకం వెళ్లినాక ఒక పొద్దున, అవతల వరి కోతలకి పోయే వాళ్లు ఇద్దరు ఆడవాళ్లు, అందులో ఒకామె కూతురు, పదేండ్ల పిల్ల, మామ, నేను. వరద లేదు, గాలి లేదు. సగం దూరం పోయినాం. ఆ పిల్ల 'అమ్మా, కాలికింద సల్లగుంది' అనింది. నేను వంగి చూస్తే బుట్ట అడుగున వెదురు సందుల్లోంచి నీళ్లు ఊరతాన్నాయి. చూస్తుండగానే ఊరడం పోయి, ఎగదన్నడం మొదలైంది.

మామ అరవలేదు. 'ఎవరూ లేవొద్దు. ఎక్కడోళ్లు అక్కడే కూచోండి' అన్నాడు. ఇది గుర్తు పెట్టుకోండి. పుట్టి గుండ్రంగా ఉంటుంది, ఒక పక్కకి అందరూ జరిగితే ఆ పక్క అంచు మునుగుతుంది. అందులో నీళ్లు చేరితే ఇంకా ప్రమాదం, ఎటు వంగితే నీళ్లన్నీ అటే ఉరుకుతాయి. ఆ పిల్ల తల్లి తన తలగుడ్డ తీసి ముద్దగా చేసి, నీళ్లొచ్చే చోట పెట్టి, పాదంతో అదిమి పట్టింది. రెండో ఆమె సద్ది గిన్నె మూత తీసి తోడతాంది. పిల్ల ఏడవలేదు, తనూ దోసిళ్లతో తోడింది. నా చేతులు వణుకుతాన్నాయి. నాకు ఈత వచ్చు, ఆ పిల్లకి రాదు. మామ నేరుగా ఒడ్డుకి కాకుండా, దగ్గర్లో ఉన్న ఇసుక మేట వైపు తెడ్డు వేసినాడు. మేట చేరేసరికి నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కాకపోవడానికి నా గొప్ప ఏమీ లేదు. ఆమె తలగుడ్డ, మామ తెడ్డు, అంతే.

మరుసటి రోజు మామ ఆ తొడుగు విప్పి మా ఇంటి ముందర పరిచినాడు. తిట్టలేదు. 'ఎక్కడ తెగిందో నువ్వే చూడు' అని పక్కన కూర్చున్నాడు. చూసినా. సరిగ్గా నడిమధ్యన, బెత్తెడు పొడవున కుట్టు విడిపోయి ఉంది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. తారు చీలింది. దారం పట్టుకుని లాగితే తడిసిన కాగితం లాగా తునిగిపోయింది.

ఇప్పుడు ఆ లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే అంత చిన్న సందు ఏం చేస్తుందో నాకూ తెలియదు అప్పట్లో. ఐదు మందిమి, పుట్టి బరువుతో కలిపి మూడు వందల కిలోలనుకోండి. అంటే పుట్టి మూడు వందల లీటర్ల నీళ్లని పక్కకి నెట్టాల, అప్పుడే తేలుతుంది. దానికి అడుగు దాదాపు 15 సెంటీమీటర్లు లోపలికి దిగుతుంది. ఆ లోతులో బెత్తెడు పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు సందు ఉంటే నిమిషానికి పది లీటర్ల దాకా లోపలికి వస్తాయి. పది నిమిషాలకి వంద కిలోలు. అడగకుండా ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చున్నట్టు. బరువు పెరిగితే పుట్టి ఇంకా దిగుతుంది.

నేను చేసిన తప్పులు నాలుగు. ఒక్కొక్కటే చెప్తా.

ఒకటి, కుట్టు చోటు. అందరూ కాళ్లు పెట్టేది నడిమధ్యనే. ఒడ్డుకి లాగేటప్పుడు రాళ్లకి రాసుకునేదీ అదే. అక్కడ కుట్టు వేసినా.

రెండు, దారం. నూలు దారానికి ఒక మంచి గుణముంది. ఎమ్మిగనూరులో మాకు తెలిసిన ఒక నేత పెద్దాయన ఉన్నారు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘం ఉన్న ఊరు కదా, అక్కడ పోగు సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆయన చెప్పినారు: నూలు తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బి సూది చిల్లుని తనే మూస్తుంది. మొదట్లో చుక్క నీరు రాకపోవడానికి అదీ ఒక కారణమే. కానీ తడవడం, ఆరడం, తడవడం, ఆరడం, ఇట్ల నెలల తరబడి జరిగితే నూలు కుళ్లిపోతుంది. ఆదోని చుట్టూ ఇంత పత్తి పండే చోట పుట్టి, నూలు గురించి నాకు ఈ ముక్క తెలియదు.

మూడు, కుట్ల దగ్గరదనం. సన్నగా దగ్గరగా కుడితే గట్టిది అనుకున్నా. కొన్ని నోటు పుస్తకాల్లో కాగితం చింపడానికి వీలుగా చిల్లుల వరస ఉంటుంది చూడండి. నేను గుడ్డకి చేసింది అదే. ప్రతి కుట్టూ ఒక చిల్లు. చిల్లులు ఎంత దగ్గరైతే గుడ్డ అక్కడ అంత బలహీనం.

నాలుగు, ఒకే వరస. రెండు గుడ్డల అంచులు కలిపి ఒక్క వరస వేస్తే, లాగే బరువంతా దారం మీదే పడుతుంది. గుడ్డకి గుడ్డ పట్టు ఉండదు.

ఇక రెండోసారి ఎట్ల కుట్టినానో వినండి. కావాలంటే ఇక్కడ నుంచి నెమ్మదిగా చదవండి.

ముందు కొలత. పుట్టిని బోర్లించి, ఈ అంచు నుంచి అడుగు మీదుగా ఆ అంచు దాకా టేపు వేసినాం. రెండున్నర మీటర్లు. అంచు మీద నుంచి లోపలికి మడవడానికి ఇరువైపులా పావు మీటరు. మొత్తం మూడు మీటర్లు కావాల. ఈసారి 1.2 మీటర్ల వెడల్పు క్యాన్వాసు కొన్నాం, మూడు నిలువు ముక్కలు. ఒక ముక్క సరిగ్గా మధ్యలో వస్తుంది, మిగతావి రెండు పక్కలకి. అంటే నడిమధ్యన కుట్టే లేదు. కుట్లు రెండూ మధ్య నుంచి అర మీటరుకి పైన దూరం జరిగినాయి. అవి కూడా నీళ్లలోనే ఉంటాయి, దాన్ని తప్పించలేం. కానీ కాళ్ల కింద లేవు, రాళ్ల మీద రాసుకోవు.

కుట్టు రకం. మీరు వేసుకున్న జీన్స్ ప్యాంటు కాలి కుట్టు ఒకసారి చూడండి. చాలా ప్యాంట్లకి ఒక పక్క రెండు వరసల కుట్టు పక్కపక్కన ఉంటుంది, లోపల తిప్పి చూసినా గుడ్డ కొస కనపడదు. ఆ మడత కుట్టే పడవకి కావాల్సింది. ఎట్లంటే, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కింది ముక్క అంచు పై ముక్క కంటే ఒకటిన్నర సెంటీమీటర్లు బయటికి ఉండేటట్టు చూసుకోవాల. మొదటి వరస కుట్టాల. బయటికి ఉన్న కొసని పొట్టి కొస మీదికి కప్పినట్టు మడవాల. ముక్కలు విప్పి పరిచి, ఆ మడతని పక్కకి పడుకోబెట్టి, దాని అంచు మీద రెండో వరస కుట్టాల. ఇప్పుడు గుడ్డ గుడ్డని కొక్కెంలాగా పట్టుకుంటుంది. దారం మీద పడే బరువు తగ్గుతుంది.

దారం పాలిస్టర్. కుళ్లదు. కానీ ఉబ్బదు కూడా, అంటే చిల్లు తనంతట తాను మూసుకోదు. అందుకే దారాన్ని మైనం ముద్ద మీదుగా లాగి కుట్టినా, మిషన్ కాకుండా చేత్తో వేసే చోట్ల. మిషన్‌కి 18వ నంబరు సూది, అంగుళానికి ఆరు కుట్లు మించకుండా. నాలుగు మడతలు వచ్చే చోట మిషన్ మొరాయిస్తే కాలితో తొక్కకుండా చక్రం చేత్తో తిప్పండి. లేదంటే సూది విరిగి కంట్లో పడుతుంది. మరీ మందమైతే దబ్బనం తీసుకోవడమే, సంచులు కుట్టే దబ్బనం.

తర్వాత తొడగడం. గుండ్రటి బుట్టకి చదరం గుడ్డ వేస్తే అంచు దగ్గర గుడ్డ మిగులుతుంది కదా. దాన్ని కత్తిరించకూడదు. చీర కుచ్చిళ్లు పోసినట్టు మడతలు పోసి, అంచు మీద నుంచి లోపలికి తిప్పి, నైలాన్ తాడుతో వెదురుకి కట్టేయాల. ఆ తాడు కోసం వేసే చిల్లులన్నీ పై అంచులోనే ఉంటాయి, నీళ్లకి అందవు. అడుగున కొత్తగా ఒక్క సూది పోటు కూడా పడకూడదు.

ఆఖరికి తారు. గుడ్డ బాగా ఆరి ఉండాల. తడి మీద తారు పట్టదు, పొక్కులొస్తాయి. ఆరుబయట, పాత డబ్బాలో, చిన్న మంట మీద కరిగించాల. వేడి తారులో నీటి చుక్క పడితే చిట్లి మొహాన పడుతుంది, పిల్లల్ని దూరం పెట్టండి. ముందు కుట్ల మీద ఒక పూత, దాని మీద నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ పట్టీ అంటించి, మళ్లీ పూత. అప్పుడు మొత్తం మీద రెండు పూతలు. మీది యూరియా సంచుల తొడుగు అయితే ఇంకో జాగ్రత్త. ఆ ప్లాస్టిక్ రకాల్లో కొన్ని 130 డిగ్రీల దగ్గరే కరిగిపోతాయి, సలసల కాగే తారు పోస్తే సంచికే చిల్లు పడుతుంది. కొంచెం చల్లారనిచ్చి పూయండి. ఇంకొకటి, మా కోసిగి ఎండాకాలం ఎట్లుంటుందో తెలుసు కదా. నల్లటి తారు ఎండకి మెత్తబడి జారుతుంది. పుట్టిని ఎప్పుడూ చెట్టు కింద బోర్లించి పెట్టాల.

ఈ పని మనమొక్కరమే చేయడం లేదు. బ్రిటన్‌లో వేల్స్ నదుల మీద చిన్న బుట్ట పడవలుంటాయి. అక్కడా ఒకప్పుడు తోలు, తర్వాత నూలు గుడ్డ మీద తారు. ఇరాక్‌లో టైగ్రిస్ మీద తిరిగిన గుండ్రటి పడవలకి నేల నుంచి ఊరే తారే పూసేవాళ్లు. వియత్నాంలో సముద్రం మీదికి పోయే వెదురు బుట్టలకి పేడ, చెట్టు జిగురు పూస్తారు. ఎవరి దగ్గర ఏది దొరికితే అది. కానీ అందరికీ కష్టం ఒకటే, సందు మూయడం.

మామ పెట్టిన చివరి షరతు ఒకటుంది. 'మనుషుల్ని ఎక్కించే ముందు రాళ్లని ఎక్కించు' అన్నాడు. నాలుగు మంది బరువుకి సరిపడా రాళ్లు సంచుల్లో నింపి పుట్టిలో పెట్టి, మోకాలి లోతు నీళ్లలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కట్టేసినాం. మొదటిసారి ఖాళీ పుట్టిని పది నిమిషాలు తేలించి చప్పట్లు కొట్టినా నేను. ఖాళీ పుట్టి కుట్టుని పరీక్ష చేయదు. సాయంత్రం చేయి పెట్టి తడిమితే ఒక కుచ్చిళ్ల మడత దగ్గర కొంచెం చెమ్మ. దాన్ని విప్పి మళ్లీ కట్టినాం. ఇప్పుడు నెలకొకసారి తొడుగు ఆరబెట్టి, కుట్టు పొడవునా గోరుతో గీకి చూస్తా. తారు లేస్తే అక్కడే పూస్తా.

ఒక్క మాట చెప్పి ముగిస్తా. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. అంత పెద్ద డ్యాంలో తెగింది ఒక గొలుసు. కింద ఒడ్డునున్న మా ఊళ్లకి ఆ రాత్రి నిద్ర లేదు. 2009 అక్టోబర్ వరదలో మంత్రాలయం మునగడం చూసిన వాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారు. కాబట్టి ఎంత బాగా కుట్టినా వరద నీళ్లలో పుట్టి దిగకూడదు. ఈ ఎపిసోడ్ చూసి రీల్ కోసం నది మీదికి పోవద్దు. నడిపే చేయి తెలిసినవాళ్లు ఉండాల, ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాల. అది దొరక్కపోతే గాలి కొట్టిన లారీ ట్యూబు ఒకటైనా లోపల ఉండాల. మామ పుట్టిలో ఇప్పుడు రెండున్నాయి.

ఆ పిల్ల ఇప్పటికీ మా పుట్టిలోనే దాటుతుంది. ఎక్కగానే ముందు వంగి అడుగు తడిమి చూస్తుంది, తర్వాత నా మొహం చూస్తుంది. నాకు కోపం రాదు. మీరూ అట్లనే చూడండి, ఎవరి పుట్టి ఎక్కినా సరే. మీ ఇంట్లో మిషన్ ఉంటే రెండు పాత గుడ్డ ముక్కల మీద ఆ మడత కుట్టు ఒకసారి వేసి చూడండి. పడవ లేకపోయినా సంచికైనా పనికొస్తుంది.

ఉంటాను మరి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం.